చెక్కుచెదరని జన్యువు, మాయమయ్యే ప్రొటీన్

క్యాన్సర్ అంటే జన్యువుల్లో వచ్చే మార్పు అని డాక్టరు చెప్పగానే చాలామంది తల్లులు అడిగేది తమ గురించి కాదు. "మా అమ్మాయికి కూడా వస్తుందా?" అని. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో ఈ టెన్షన్ తీర్చాల్సిన అవసరం చాలా ఉంది. ఈ కణితుల్లో కనిపించే మ్యుటేషన్లు, అంటే ఉత్పరివర్తనాలు, సాధారణంగా పుట్టుకతో వచ్చినవి కావు. పెద్దయ్యాక, ఆ కాస్త చోటులోని కణాల్లోనే పుట్టుకొచ్చినవి. వాటికి దారి వేసింది ఒక వైరస్.

దాని పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్‌పీవీ. చేతుల మీద పులిపిర్లు తెచ్చేవి కూడా ఈ కుటుంబానివే. 200కు పైగా రకాలున్నా, క్యాన్సర్ దాకా తీసుకెళ్లేవి ఓ డజను మాత్రమే. వాటిలోనూ 16, 18 అనే రెండు రకాలే దాదాపు 70 శాతం కేసులకు కారణం. 1983, 84లలో ఆ రెండింటినీ కణితుల్లో పట్టుకున్న జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రకం వైరస్ ప్రధానంగా లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. ఆడా మగా తేడా లేకుండా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. అలాంటిదాన్ని జబ్బు పడ్డ మనిషి శీలానికి ముడిపెట్టడం అన్యాయం.

ఇక వైరస్ చేసే పని చూద్దాం. దాని డీఎన్‌ఏ మొత్తం దాదాపు 8,000 అక్షరాలు, ఎనిమిదో తొమ్మిదో జన్యువులు. ఇంత తక్కువ సామానుతో తన నకళ్లు తాను తీసుకోలేదు. విభజనకు సిద్ధమయ్యే కణంలో ఉండే యంత్రాంగమే దానికి కావాలి. కంటికి కనపడని చిన్న గీతలోంచి అది గర్భాశయ ముఖద్వారపు పొర అట్టడుగున ఉన్న కణాల్లోకి చేరుతుంది. ఆ కణాలు పై పొరల్లోకి జరిగేకొద్దీ మామూలుగా విభజన ఆపేస్తాయి. ఆపితే వైరస్‌కు పని జరగదు. అందుకే అది ఈ6, ఈ7 అనే రెండు ప్రొటీన్లను తయారు చేయిస్తుంది.

కణ విభజనకు బ్రేకు లాంటి ప్రొటీన్ ఆర్‌బీ. ఈ7 దాన్ని పట్టేసుకుంటుంది, బ్రేకు వదులైపోతుంది. ఇలా జరిగినప్పుడు పి53 అనే కాపలా ప్రొటీన్ ప్రమాదాన్ని పసిగట్టి, కణాన్ని ఆపేయడమో చంపేయడమో చేయాలి. ఈ6 అక్కడ అడ్డుపడుతుంది. కణంలోనే ఉన్న మరో ప్రొటీన్‌ను తోడు తెచ్చుకుని, "ఇది పారేయాల్సింది" అన్న గుర్తును పి53కి అంటింపజేస్తుంది. అక్కర్లేని ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం ఆ గుర్తు చూసి పి53ని నలిపేస్తుంది.

ఈ జబ్బులో నన్ను అన్నిటికన్నా ఆపి ఆలోచింపజేసేది ఇదే. అనేక ఇతర క్యాన్సర్లలో పి53 జన్యువే చెడిపోయి ఉంటుంది. ఇక్కడ మాత్రం ఎక్కువ కణితుల్లో ఆ జన్యువు చెక్కుచెదరకుండా ఉంటుంది. కణం పి53ని తయారు చేస్తూనే ఉంటుంది, తయారైంది తయారైనట్టే మాయమైపోతుంటుంది.

మరి మ్యుటేషన్లు ఎక్కడివి? కాపలా లేని కణం ఏళ్ల తరబడి విభజన చెందుతుంటే తప్పులు పేరుకుపోతాయి. ఇంకో కారణం కూడా ఉంది, అది బాధ కలిగించేది. వైరస్‌లతో పోరాడటానికి మన కణాల్లో అపోబెక్3 అనే ఎంజైములు ఉంటాయి. వైరస్ డీఎన్‌ఏలో సైటోసిన్ అనే అక్షరాన్ని యురాసిల్‌గా మార్చి దాని రాత చెడగొట్టడం వీటి పని. ఆ పోరులో దెబ్బ మన డీఎన్‌ఏకీ తగులుతుంది. ఈ కణితుల్లో సుమారు నాలుగో వంతులో పిక్3సీఏ అనే జన్యువు మారిపోయి ఉంటుంది. ప్రొటీన్లు అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టినవి. ఎక్కువగా ఆ జన్యువు తయారు చేయించే ప్రొటీన్‌లో 542, 545 స్థానాల్లోనే గ్లుటామిక్ ఆమ్లం అనే ఇటుక ఉండాల్సిన చోట లైసీన్ అనే ఇటుక వచ్చి కూర్చుంటుంది. ఆ రెండు మార్పులూ అపోబెక్ ముద్రతోనే ఉంటాయి. ఫలితంగా పెరగమనే సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది.

ఇంకోవైపు వైరస్ డీఎన్‌ఏ తెగిపోయి మన క్రోమోజోములో అతుక్కుపోవచ్చు. వైరస్‌కు దీనివల్ల లాభమేమీ లేదు, అక్కణ్నుంచి కొత్త వైరస్‌లు పుట్టడం దాదాపు జరగదు. కానీ ఈ6, ఈ7లను అదుపులో పెట్టే ఈ2 జన్యువు చాలాసార్లు ఆ తెగడంలోనే పాడైపోతుంది. ఇక ఆ రెండూ విచ్చలవిడిగా తయారవుతాయి.

ఇదంతా ఒక్కరోజులో జరిగేది కాదు. పది ఇన్‌ఫెక్షన్లలో తొమ్మిది దాకా రెండేళ్లలోపే శరీరం తనంతట తానే వదిలించుకుంటుంది. పోనివాటిలోనూ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి చికిత్స లేనివారిలో 5 నుంచి 10 ఏళ్లే. వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్షకైనా, ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్‌కైనా ఇంత వ్యవధి దొరకడం పెద్ద అదృష్టం. మారుతున్న కణాలున్న భాగాన్ని క్యాన్సర్ కాకముందే తీసేయవచ్చు. టీకాలో ఉండేది వైరస్ పైతొడుగు ప్రొటీన్ మాత్రమే. లోపల డీఎన్‌ఏ ఉండదు కాబట్టి దాంతో ఇన్‌ఫెక్షన్ రాదు. అప్పటికే సోకిన వైరస్‌ను అది పోగొట్టలేదు, అందుకే 9 నుంచి 14 ఏళ్ల వయసులోనే వేయమంటారు.

1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే 31 ఏళ్ల మహిళ ఈ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమెను అడగకుండానే తీసిన కణాలు హీలా పేరుతో ప్రపంచంలోని ల్యాబుల్లో ఈనాటికీ పెరుగుతున్నాయి. వాటి ఎనిమిదో క్రోమోజోములో హెచ్‌పీవీ 18 ముక్క ఇంకా ఉంది, ఈ6, ఈ7 ఇంకా తయారవుతున్నాయి. ఆ కణాల్లోకి ఈ2 జన్యువును తిరిగి పంపి ఆ రెండింటినీ ఆపి చూశారు శాస్త్రవేత్తలు. పి53 మళ్లీ కనిపించింది, ఆర్‌బీ మళ్లీ పనిలో పడింది. దశాబ్దాల పాటు అలుపు లేకుండా పెరిగిన ఆ కణాలు కొద్ది రోజుల్లోనే ముసలివై విభజన మానేశాయి.