నాలుగు రౌండ్లు, సగం గాలి

పిల్లకాయలకు ఆశీస్సులు.

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనో, మైపాడు, కొత్తపట్నం తీరాల్లోనో తెల్లారుజామున సైన్యంలో అగ్నివీర్ ఎంపిక కోసం పరిగెత్తే అన్నలను చూస్తుంటారు గదా. ఆ ఎంపికలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేస్తే 60 మార్కులు, బీమ్ (పైన అడ్డంగా ఉండే కమ్మి) మీద 10 పుల్ అప్స్ తీస్తే 40. తొమ్మిదడుగుల గుంత దూకాలి, వంకర దుంగ మీద పడకుండా నడవాలి. ఈ రెంటికీ మార్కులుండవు, పాసైతే చాలు.

1.6 కిలోమీటర్లంటే 400 మీటర్ల ట్రాక్‌లో నాలుగు రౌండ్లు, రౌండుకు సుమారు 82 సెకన్లు. చాలామంది మొదటి రౌండు 70 సెకన్లలో లాగేస్తారు. మూడో రౌండుకల్లా కాళ్లకు ఆక్సిజన్ చాలక అడుగు బరువెక్కుతుంది. మొదటి రెండూ వేగం అదుపులో పెట్టి పరిగెత్తినవాడికే నాలుగోదానికి సత్తువ మిగులుతుంది.

మీకిప్పుడే ఆ టైముతో పనిలేదు. పది నిమిషాలు నెమ్మదిగా కదిలి ఒళ్లు వేడెక్కాక, నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అట్టా ఎనిమిదిసార్లు. వారానికి నాలుగు రోజులు చాలు. ఒక్కసారిగా దూరం పెంచినా, అరిగిన బూట్లతో సిమెంటు రోడ్డు మీద పరిగెత్తినా మోకాలి కింద ముందెముక నొప్పెడుతుంది. అప్పుడు పంతం పట్టకుండా ఆపేయండి. బీచ్‌లో అయితే తడిసి గట్టిపడిన ఇసుక మీదే పొండి. తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఎంత దూరం పోతే అంత దూరం వెనక్కి రావాలి, లేకుంటే బరువంతా ఒక కాలి మీదే పడుతుంది.

బీమ్ మీద ఒక్క పుల్ అప్ కూడా తీయలేని వాళ్లు ముందు చేతులు చాచి 20 సెకన్లు వేలాడండి. తర్వాత ఎగిరి గడ్డం పైకి తెచ్చి, ఐదు లెక్కపెడుతూ దిగండి. దిగడంలోనే బలం వస్తుంది. కాళ్లు విదిలించి ఎక్కడం అలవాటైతే ఎంపికలో ఆ లెక్క చెల్లదు.

ఎండాకాలంలో ఆరున్నరకల్లా ముగించండి. మన తీరం గాలిలో తేమెక్కువ, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తల తిరిగినా, ఎండలో చలి పుట్టినా వెంటనే నీడకు చేరండి. ఇంటికి పోయాక ఉప్పేసిన మజ్జిగ తాగండి.

నాలుగో రౌండు ముగించి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతారు చూడండి, అది సముద్రమట్టంలో నిండుగా ఉన్న గాలితో. 1984 ఏప్రిల్ 13 నుంచి మన సైన్యం కాపలా కాస్తున్న సియాచిన్‌లో చాలా పోస్టులు 18,000 అడుగుల పైనే. అక్కడ గాలి ఒత్తిడి సగం, ప్రతి శ్వాసకూ దక్కే ఆక్సిజన్ సగం. అందుకే జవానును నేరుగా పంపరు. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 15,000 వరకు నాలుగు, ఆ పైన మరో నాలుగు రోజులు ఆపి అలవాటు చేస్తారు. తొందరపడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇక్కడ ఎంత బాగా పరిగెత్తేవాడైనా దీనికి అతీతుడు కాడు. మనకు చెమట ఆరక ఇబ్బంది, వాళ్లకు గ్లవ్స్ లోపలి చెమటే గడ్డకట్టి వేళ్లు తీసుకుపోతుంది.

సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో ప్రాణమిచ్చింది అటువంటి పల్చని గాలిలో పెనుగులాడుతూనే. మీకు ఆయాసం వచ్చిన క్షణంలో ఆ మనుషులు గుర్తుకు రావాలని నా కోరిక.

గుర్తొచ్చాక చేయదగ్గ పనులూ ఉన్నాయి. డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. ఆ రోజు ఇచ్చే డబ్బు మాజీ సైనికులకు, అమరుల కుటుంబాలకు చేరుతుంది. మీ వీధిలో రిటైరైన జవాను తాతయ్య ఉంటే, ఆయన పెన్షన్ ఆగకుండా తాను బతికే ఉన్నానని చూపుతూ ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం గురించి అడగండి. ఆధార్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబర్లు దగ్గర పెట్టుకోండి. వయసుతో వేలిముద్రలు అరిగి మిషన్ తీసుకోకపోతే, ఫోన్‌లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. తాతయ్యను వెలుతురు ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించి, రెప్పలార్పమని చెప్పండి.