బెజవాడ మిద్దె మీద కుండీలు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు ఇళ్లలో మిద్దె తోటలు వేసిపెట్టడం నా పని. ఏప్రిల్ వచ్చిందంటే ఫోన్లు మొదలు. "రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నామండీ, అయినా చచ్చిపోతోంది!" సగం ఇళ్లలో ఆ రెండో పూటే మొక్క ప్రాణం తీస్తుంది.

అపోహ: ఆకులు వాలిపోతే వెంటనే నీళ్లు పోయాలి.

మే నెల రెండు గంటల ఎండకు వంగ, బీర, సొర ఆకులు మట్టిలో తడి ఉన్నా వాలతాయి. వేర్లు తోడేదానికన్నా ఆకుల నుంచి ఆవిరైపోయేది ఎక్కువ. పొద్దుగూకేసరికి లేచి నిలబడితే టెన్షన్ అక్కర్లేదు. తెల్లారాక కూడా తల వాల్చి ఉంటేనే కంగారు పడాలి. మట్టిలో రెండు కణుపుల లోతున వేలు గుచ్చండి. చల్లగా తగిలి, మట్టి వేలికి అంటుకుంటే ఆ పూటకి నీళ్లు వద్దు.

మొన్న ఒకింట్లో వడలిన వంగ మొక్కను పీకి చూశాను. వేర్లు గోధుమరంగుకు తిరిగాయి, పట్టుకుంటే పైతోలు ఊడొచ్చింది, మురుగు వాసన. ఆరా తీస్తే, పొద్దున అత్తగారు, సాయంత్రం కోడలు, ఒకరికి తెలియకుండా ఒకరు పోస్తున్నారు!

అన్నట్టు, ఎండలో పడున్న పైపులో మొదట వచ్చే నీళ్లు సలసల కాగుతుంటాయి. కాసేపు పక్కకి వదిలేయండి.

అపోహ: అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయి.

దిగవు. పైన మట్టి పూర్తిగా నానితే తప్ప చుక్క రాళ్లలోకి జారదు. అంటే ఆ బురద పొర వేర్లకు ఇంకాస్త దగ్గరవుతుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్క చాలు. అసలు చూసుకోవాల్సింది మట్టి. గుంటూరు వైపు చాలామంది పొలం నుంచి నల్లరేగడి తెచ్చి నింపేస్తారు. అది తడిస్తే బంక, ఎండితే బీటలు. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి వేస్తాను నేను.

అపోహ: పిందె రాలుతోందంటే బలం చాలక.

సొరకాయ విషయంలో ఎక్కువసార్లు కారణం వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకి ఉత్త కాడే. పుప్పొడి అందకపోతే పిందె పసుపెక్కి రాలుతుంది. మిద్దె మీదకి తేనెటీగలు అన్నిసార్లూ రావు. సొరపువ్వు విచ్చేది సాయంత్రం. అప్పుడే మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి.

టమాటాకి ఆ చిట్కా పనికిరాదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కపోస్తే పుప్పొడే దెబ్బతింటుంది, ఏ ఎరువూ పూతను నిలపలేదు. వేసవికి గోంగూర, తోటకూర, బచ్చలి, బెండ పెట్టుకుని, టమాటా నారు అక్టోబరులో నాటండి.

కోడిగుడ్డు పెంకులు, బియ్యం కడుగు? వేస్తే వేయండి, నష్టం లేదు. కానీ పెంకులు కరగడానికి నెలలు పడుతుంది. పెంకులు వేస్తే ఆగుతుందనుకుంటారు గానీ, టమాటా కాయ అడుగు నల్లబడటానికి ముఖ్య కారణం ఒకరోజు వరద, మర్నాడు కరువులా నీళ్లు పోయడమే.

ఇక మే నెలలో కొత్తిమీర కావాలంటారా? రైతు బజారుకి వెళ్లండి. ఈ ఎండకి ఆకు పట్టేలోపే పూతకొచ్చేస్తుంది. దసరా వెళ్లాక ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లుకోండి.