లాబ్రడార్ బ్రీడింగ్, షోలు: అపోహలు - వాస్తవాలు

14 ఏళ్లుగా ఇంట్లో లాబ్రడార్లు పెంచుతున్నాను. హైదరాబాద్ శివార్లలో ఇల్లు, వెనక కొంచెం ఖాళీ జాగా, ఎప్పుడూ నాలుగైదు కుక్కలకు మించనివ్వను. ఇన్నేళ్లలో నా దగ్గర పిల్లలు పుట్టింది ఆరు సార్లే. మిగతా సమయమంతా టెస్టులు, షోలు, తిరుగుడు, ఎదురుచూపు. ఫోన్ చేసేవాళ్లు ముందు అడిగేది "డబుల్ బోన్ ఉందా అన్నా?" అని, తర్వాత "పేపర్లు లేకుండా అయితే ఎంతకిస్తారు?" అని. తల్లికుక్క ఎలా ఉంటుంది, దాని తుంటి కీళ్లు ఎలా ఉన్నాయి అని అడిగినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెబుతూ వస్తున్నవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: డబుల్ బోన్, ట్రిపుల్ బోన్ ఉంటేనే అసలైన లాబ్

ఏ దేశపు బ్రీడ్ స్టాండర్డ్‌లోనూ, అంటే జాతి ఎలా ఉండాలో చెప్పే అధికారిక వివరణలోనూ, ఈ మాటలు లేవు. ఎముకలు మందంగా, ఒళ్లు భారీగా ఉందని చెప్పడానికి అమ్మేవాళ్లు పుట్టించినవి. లాబ్రడార్ పూర్వీకులు కెనడా తూర్పున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లతో కలిసి చల్లటి నీళ్లలో పనిచేసిన కుక్కలు. వాటిని 19వ శతాబ్దంలో బ్రిటన్‌కు తెచ్చుకుని, వేటలో కాల్చిన పక్షిని నోటితో నలక్కుండా పట్టి తెచ్చే కుక్కగా మలిచారు. మామ్స్‌బరీ, బక్‌లూ ప్రభువుల కుటుంబాలు ఇందులో ముందున్నాయి. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1903లో దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. మందంగా ఉండే తోక ఈదేటప్పుడు చుక్కానిలా పనిచేస్తుంది, పైవెంట్రుకల కింద ఉండే మెత్తటి రెండో పొర చన్నీళ్లు చర్మానికి తగలకుండా కాపాడుతుంది. ఈదాలి, పరిగెత్తాలి, రోజంతా అలసిపోకూడదు, అలాంటి కుక్కకు ఎద్దులాంటి ఒళ్లు ఎందుకు? బ్రిటిష్ స్టాండర్డ్ ప్రకారం మగకుక్క భుజం దగ్గర 56-57 సెంటీమీటర్లు, ఆడకుక్క 55-56 సెంటీమీటర్లు ఉంటే చాలు. గట్టి ఒళ్లు ఉండాలి నిజమే, కానీ మీకు డబుల్ బోన్ అని చూపించే పిల్ల చాలాసార్లు బాగా మేపిన పిల్ల, అంతే.

అపోహ: కేసీఐ పేపర్లుంటే ఆరోగ్యమైన కుక్క అని అర్థం

కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1896లో మొదలైంది, ఆఫీసు చెన్నైలో ఉంది. వాళ్లిచ్చే సర్టిఫికెట్ వంశవృక్షం గురించి చెబుతుంది: తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాతముత్తాతలెవరు. అది కావాల్సిందే, ఎందుకంటే వంశం తెలియకపోతే దగ్గరి రక్తసంబంధంలో మేటింగ్ చేయించారో లేదో కూడా తెలియదు. అన్నాచెల్లెళ్ల మధ్య మేటింగ్ అయితే పిల్లల్లో ఇన్‌బ్రీడింగ్ 25 శాతం, తల్లో తండ్రో ఒకరే అయిన కుక్కల మధ్య అయితే 12.5 శాతం. ఇదంతా పేపర్ చూస్తేనే లెక్క తేలుతుంది. పేపర్ మీదున్న 15 అంకెల మైక్రోచిప్ నంబర్‌ను డాక్టర్ దగ్గర స్కానర్ పెట్టించి కుక్కతో సరిపోల్చుకోండి, ఈ ఒక్క పని చేయకుండా డబ్బు కట్టినవాళ్లు ఎంతమందో. అయితే ఆ కాగితం తుంటి కీలు గురించి, కంటి గురించి, గుండె గురించి ఏమీ చెప్పదు. వాటికి వేరే రిపోర్టులుంటాయి, వాటిని విడిగా అడగాలి.

అపోహ: షోలో గెలిచిన కుక్క అంటే బ్రీడింగ్‌కి పనికొచ్చినట్టే

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకిది మల్లి నేర్పింది.

మల్లి నల్ల ఆడకుక్క. నేను పెంచిన వాటిలో నడక అంత అందంగా ఉన్నది ఇంకోటి లేదు. రింగ్‌లో జడ్జి పళ్లు చూస్తారు, పై పళ్లు కింది పళ్ల మీద కత్తెరలా సరిగ్గా కూర్చోవాలి. వీపు మీద చెయ్యి వేసి కోటు, అంటే వెంట్రుకలు, ఎలా ఉందో, భుజాలు ఎంత వెనక్కి పడి ఉన్నాయో చూస్తారు, మగకుక్కకైతే రెండు వృషణాలూ కిందికి దిగాయో లేదో చూస్తారు, తర్వాత ముందుకీ వెనక్కీ, గుండ్రంగానూ నడిపిస్తారు. కొత్తవాళ్లు చెయ్యి వేస్తే బెదురుతుందా, తోటి కుక్కల మీద గుర్రుమంటుందా అన్నదీ గమనిస్తారు. ఇవన్నీ విలువైన పరీక్షలే, వీటి కోసమే నేను చలికాలం అంతా కారులో ఊళ్లు తిరుగుతాను. అన్నిట్లో మల్లి ముందుంది. ఏడాదిన్నరకే దాని పేరు అడుగుతూ ముగ్గురు ఫోన్లు చేశారు, పిల్లలు ఎప్పుడు పెట్టిస్తున్నారని.

రెండేళ్లు నిండాక మత్తిచ్చి తుంటి ఎక్స్‌రే తీయించాను. ఎడమ కీలు గిన్నె లోతు తక్కువగా ఉంది, ఎముక తల అందులో సరిగ్గా కూర్చోలేదు. హిప్ డిస్‌ప్లేసియా. బయటికి ఏమీ తెలియదు, పరిగెత్తుతుంది, దూకుతుంది, మెట్లెక్కుతుంది. ఆ ఫిల్మ్ పట్టుకుని క్లినిక్ బయట చాలాసేపు కూర్చున్నాను. ఆ తర్వాత నెలలోనే ఆపరేషన్ చేయించాను, పిల్లలు లేకుండా. "ఒక్కసారి పెట్టించి చూడాల్సింది" అన్నవాళ్లున్నారు. పుట్టే ఏడెనిమిది పిల్లల్లో ఎన్నింటికి ఆ కీలు వస్తుందో ఎవరు చెప్పగలరు, ఏ ఇంట్లో ఏ పాప తన కుక్క లేవలేకపోవడం చూస్తుందో ఎవరికి తెలుసు?

జడ్జి కళ్లతో చూసి, చేత్తో తడిమి చెబుతారు. కీలు లోపల ఏముందో, కంటి రెటీనాలో ఏముందో, జన్యువులో ఏముందో రింగ్‌లో కనబడదు. షో ఒక సగం, టెస్టులు ఇంకో సగం. ఏ ఒక్కటీ చాలదు.

అమెరికాలో ఓఎఫ్ఏ అనే సంస్థ 24 నెలలు నిండాకే తుంటికి తుది గ్రేడ్ ఇస్తుంది. ఎనిమిది నెలలకే ఎక్స్‌రే తీయించాం, బాగుంది అని చూపించేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. ఇంకో విషయం, ఈ జబ్బు ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, తల్లిదండ్రుల కీళ్లు బాగున్నా ఒకోసారి పిల్లలో రావచ్చు. పెంపకం పాత్ర కూడా ఉంది. నార్వేలో పెద్ద జాతుల పిల్లల మీద చేసిన పరిశీలనలో మూడు నెలల లోపు రోజూ మెట్లెక్కి దిగిన పిల్లల్లో ప్రమాదం ఎక్కువగా, మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగిన వాటిలో తక్కువగా కనబడింది. మన ఇళ్లలో నున్నటి టైల్స్, గ్రానైట్. పిల్ల తిరిగే చోట రబ్బరు మ్యాట్ వేయమని నేను బతిమాలి చెబుతాను.

అపోహ: డీఎన్ఏ టెస్టులో క్యారియర్ అని వస్తే ఆ కుక్కను పక్కన పెట్టాలి

అక్కర్లేదు. పీఆర్ఏ అని కంటి జబ్బు ఉంది, ముందు రేచీకటి, తర్వాత పూర్తిగా చూపు పోతుంది. లాబ్స్‌లో ఎక్కువగా కనబడే రకం చాలాసార్లు మూడు నాలుగేళ్లు దాటాకగానీ బయటపడదు, అప్పటికే ఆ కుక్క పిల్లల్ని కనేసి ఉంటుంది, అందుకే ముందే టెస్ట్. ఈఐసీ అని ఇంకోటి, పావుగంట గట్టిగా పరిగెత్తితే వెనక కాళ్లు పట్టు తప్పి కూలబడతాయి. రెండూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు వస్తేనే వచ్చేవి. క్యారియర్‌కు ఒక్కటే ఉంటుంది, దానికి జబ్బు రాదు. దాన్ని క్లియర్ కుక్కతో, అంటే చెడ్డ జన్యువు అసలే లేనిదానితో, మేటింగ్ చేయిస్తే సగటున సగం పిల్లలు క్యారియర్లు, సగం క్లియర్, జబ్బుపిల్ల ఒక్కటీ పుట్టదు. ఇద్దరూ క్యారియర్లయితే మాత్రం నాలుగింట ఒకటి జబ్బుది. మంచి స్వభావం, మంచి కీళ్లు ఉన్న క్యారియర్‌ను తీసేస్తూ పోతే జాతిలో వేర్వేరు వంశాల రక్తం తగ్గిపోతుంది, కొత్త జబ్బులు తలెత్తుతాయి. అందరూ ఒకే చాంపియన్ మగకుక్క వెంటపడినా జరిగేది ఇదే.

అపోహ: ఆడకుక్కకు ఒక్కసారైనా పిల్లలు పుడితేనే ఆరోగ్యం

దీనికి ఎలాంటి ఆధారమూ లేదు. గర్భసంచిలో చీము పట్టే పయోమెట్రా పిల్లలు పెట్టిన కుక్కకూ వస్తుంది. పిల్లల్ని కనడమే దానికి ప్రమాదం. ఇంట్లో పిల్లలకు చూపించాలని, ఖర్చులు రాబట్టుకోవాలని అనిపిస్తే ఈ పని జోలికి రావద్దు. మన దేశంలో 2017లో వచ్చిన కుక్కల బ్రీడింగ్ నియమాల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేయించుకోవాలి, ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, జీవితకాలంలో ఐదు ఈతలకు మించకూడదు. నా ఇంట్లో ఏ ఆడకుక్కా మూడు దాటలేదు.

అపోహ: హీట్‌కొచ్చిన 11వ రోజు, 13వ రోజు క్రాసింగ్ చేయిస్తే చాలు

కొన్ని ఎనిమిదో రోజుకే సిద్ధమవుతాయి, కొన్ని ఇరవయ్యో రోజు దాకా అవవు. రక్తంలో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ ఎంతుందో చూపించుకోండి. మిల్లీలీటరుకు సుమారు 5 నానోగ్రాముల దగ్గర అండం విడుదలవుతుంది, అది పక్వానికి రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది, మేటింగ్‌కు సరైన సమయం అప్పుడు. అండం విడుదలైన రోజు తెలిస్తే కాన్పు కూడా 63 రోజులకు ఒకరోజు అటూఇటూగా చెప్పగలం, ఆ రాత్రి డాక్టర్‌ను అందుబాటులో ఉండమని అడగగలం. 55వ రోజు దాటాక ఒక ఎక్స్‌రే, లోపల ఎన్ని ఉన్నాయో లెక్క కోసం. ఏడున్నాయని తెలిస్తే ఆరు పుట్టాక "అయిపోయింది" అనుకుని నిద్రపోం.

అపోహ: చూడి కుక్కకు కాల్షియం సిరప్ పట్టాలి

ఇది మంచి మనసుతో చేసే పెద్ద తప్పు. నేనూ మొదటి కాన్పుకు చేశాను, మెడికల్ షాపులో ఇచ్చారు, పోశాను. కడుపుతో ఉన్నప్పుడు బయటినుంచి కాల్షియం ఎక్కువిస్తే, ఎముకల్లో దాచుకున్నది తీసి వాడుకునే అలవాటు శరీరానికి తప్పిపోతుంది. పిల్లలు పుట్టి, పాలు ఒక్కసారిగా ఎక్కువయ్యేసరికి రక్తంలో కాల్షియం పడిపోతుంది. గేదెలున్న ఇళ్లవాళ్లకు పాలజ్వరం తెలుసు కదా, దాదాపు అదే. కుక్కలో వణుకు, ఎగశ్వాస, ఆపైన ఫిట్స్. గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. చూడిలో చివరి మూడు వారాలు మంచి పప్పీ ఫుడ్ పెడితే సరిపోతుంది. పాలిచ్చేటప్పుడు అవసరమైతే డాక్టరే చెబుతారు.

అపోహ: నెల పిల్లను తెచ్చుకుంటేనే మనకు బాగా మాలిమి అవుతుంది

పిల్ల ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా తోబుట్టువులతో కొట్లాడుకుంటూ నేర్చుకునేది మీరూ నేనూ నేర్పలేం. గట్టిగా కొరికితే అవతలిది కేకేసి ఆట ఆపేస్తుంది, అలా పన్నుమీద అదుపు వస్తుంది. నెలకే తీసుకెళ్లిన పిల్ల ఆరు నెలలకు చేతులు కొరికి రక్తం తెప్పిస్తోందని ఫోన్లు వచ్చేది ఇందుకే. 2017 నియమాలు కూడా 8 వారాల లోపు అమ్మొద్దంటాయి. ఆ వారాల్లో నా పని చాలా ఉంటుంది: కుక్కర్ విజిల్, మిక్సీ, ఉరుములు, గొడుగు తెరవడం, గడ్డి మీద నడక, ముసలివాళ్లు, చిన్నపిల్లలు, ఆటోలో చిన్న ప్రయాణం. పార్వో టీకా ఒక్కటి వేస్తే అయిపోలేదు, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి వేయిస్తూ ఉండాలి, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి.

అపోహ: లాబ్ అంటే లావుగానే ఉండాలి, ఆకలి తీరేదాకా పెట్టాలి

లాబ్ ఆకలి తీరడం అన్నది ఉండదు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చాలా లాబ్స్‌లో పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క ఊడిపోయి ఉండటం గుర్తించారు. సుమారు నాలుగింట ఒకదానికి ఉంది, అలాంటి కుక్కకు తిండి ధ్యాస ఎక్కువ. అంతకుముందు ప్యూరినా సంస్థ 48 లాబ్స్‌ను జతలుగా విడదీసి, ఒకదానికి పెట్టిన దానికన్నా రెండోదానికి 25 శాతం తక్కువ పెడుతూ జీవితాంతం చూసింది. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. పక్కటెముకలు చేతికి తగలాలి. షోలో కూడా కొవ్వుతో నిండిన కుక్కను గట్టి ఒళ్లని మెచ్చుకోవడం నాకు బాధ కలిగిస్తుంది, మా తోటివాళ్లలోనే ఇది మారాలి.

రంగుల గురించి క్లుప్తంగా: నలుపు, పసుపు, చాక్లెట్, ఇవే మూడు. సిల్వర్ లాబ్ అరుదని రెట్టింపు అడుగుతారు, స్టాండర్డ్ ఆ రంగును ఒప్పుకోదు. రెండు నల్లకుక్కలకు పసుపు పిల్ల పుడితే మోసం అనుకోకండి, రెండింట్లోనూ ఆ జన్యువు దాగి ఉంటే పుడుతుంది. ఎండాకాలం గుండు కొట్టించకండి, ఆ కోటు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది. రోజూ దువ్వండి, నడక తెల్లవారుజామున, రాత్రి మాత్రమే.

అపోహ: పిల్లను అమ్మాక బ్రీడర్ పని అయిపోయినట్టే

నా అగ్రిమెంట్‌లో ఒక వాక్యం ఉంటుంది: ఏ వయసులోనైనా, ఏ కారణంతోనైనా పెంచలేకపోతే కుక్క నా దగ్గరికే రావాలి. డబ్బు, ప్రశ్నలు ఏమీ ఉండవు. మీరు పిల్లను కొనే చోట ఈ మాట అడిగి చూడండి, అవతలివాళ్ల ముఖం చూస్తే మీకే అర్థమవుతుంది.

రెండేళ్ల కిందట కూకట్‌పల్లి కుటుంబం ఒకటి డాలస్ వెళ్లిపోతూ ఫోన్ చేసింది. వాళ్ల కుక్కకు ఆరేళ్లు, నా దగ్గర పుట్టిందే. తీసుకెళ్లడానికి చాలా ప్రయత్నించారు, కుదర్లేదు. ఆయన కుక్కను దింపి, దాని దుప్పటి, గిన్నె, ఫైలు అన్నీ ఇచ్చి, మాట్లాడలేక కారెక్కేశారు. వాడు మొదటి వారం గేటు దగ్గరే పడుకున్నాడు, అన్నం అక్కడికే తీసుకెళ్లి పెట్టాను. ఎనిమిదో రోజు రాత్రి లేచొచ్చి మల్లి పక్కన పడుకున్నాడు. ఆదివారం పొద్దున వాళ్లు వీడియో కాల్ చేస్తారు, ఫోన్లో ఆ గొంతు వినగానే వాడి తోక నేలకేసి కొట్టుకోవడం మొదలవుతుంది.