హంద్రీ వెనక్కి తన్నిన రోజు

కర్నూల్లో హంద్రీ బ్రిడ్జి దాటేటప్పుడు సగం మంది ముక్కు మూసుకుంటారు. ఎండాకాలంలో కిందికి చూస్తే నల్లనీళ్లు, గుర్రపుడెక్క, కంపచెట్లు, కవర్లు. హంద్రీ వానల మీద బతికే ఏరు, వానల్లేనప్పుడు దాంట్లో పారేది చాలావరకు మన ఇళ్ల మురుగే.

ఆ వాసన ఎట్లా పుడతాదంటే, మురుగును తినే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కావాల, 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగేది ఏడున్నర మిల్లీగ్రాములే, మన ఎండలకి ఇంకా తగ్గుతాది. అది కాస్తా అయిపోతే ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా దిగుతాయి, అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడే ఆ కుళ్లిన గుడ్డు కంపు. పారే నీళ్లయితే గాలి తగిలి ఆక్సిజన్ మళ్లీ కలుస్తాది, కానీ మడుగు కట్టి పైన గుర్రపుడెక్క కప్పేస్తే ఇంకెక్కడ కలుస్తాది?

ఏడాదిలో ఎక్కువ నెలలు ఇట్లా ఉండేసరికి ఇది ఏరు అనే సంగతే మర్చిపోయినాం. ఒడ్డున మట్టి పోసినారు, గోడ కట్టినారు, ఇల్లు లేపినారు. పేదోళ్లని తప్పు పట్టలేను నేను, వాళ్లకి దొరికిన జాగా అదే.

2009 అక్టోబర్ 2న ఊరు మునిగింది. అందరూ తుంగభద్ర పొంగిందంటారు, నిజమే, కానీ హంద్రీ సంగతి కూడా చూడాల. హంద్రీ పోయి కలిసేది తుంగభద్రలోనే, ఊరి పక్కనే. తుంగభద్ర నిండుగా ఉంటే హంద్రీ నీళ్లకి వాలు ఉండదు, వాలు లేకపోతే నీళ్లు కదలవు, వెనక్కి ఎగదన్ని పల్లం దొరికిన కాడికల్లా పాకుతాయి. తుంగభద్ర పోయి కలిసేది కృష్ణలో, ఆ రోజుల్లో కింద కృష్ణ మీదున్న శ్రీశైలం డ్యాంకి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది, క్యూసెక్కంటే సెకనుకి 28 లీటర్లు, లెక్కేసుకోండి. డ్యాం నిండు మట్టం 885 అడుగులు, నీళ్లు దాన్ని కూడా దాటినాయి. కింద అంత ఎత్తున నీళ్లు నిలబడితే పైనున్న తుంగభద్రకీ వాలు తగ్గుతాది, దాంతోపాటు హంద్రీకీ.

అందుకే ప్లాటు కొనేటప్పుడు ఏరు ఎంత దూరం అని కాదు, ఎంత కింద ఉందో అడగండి. ఇంకొకటి, మన కాలవలు హంద్రీలోకి తెరిచి ఉన్నాయి కదా, ఏరు లేస్తే గట్టు దాటకముందే ఆ కాలవల్లోంచి నీళ్లు వెనక్కి వచ్చి బాత్రూంలో తేలతాయి. రోజూ మురుగు పోయే దారే అది.