నోవా కొత్తదీ కాదు, ఆస్టరాయిడ్ చుక్కా కాదు: అంతరిక్షపు ఇంగ్లీషు మాటలపై అపోహలు - వాస్తవాలు

ఖగోళశాస్త్రంలో చాలా ఇంగ్లీషు పేర్లు, ఆ వస్తువేమిటో తెలియక ముందే పెట్టేసినవి. టెలిస్కోపులో ఎలా కనబడితే అలా పిలిచారు. అసలు సంగతి తర్వాత బయటపడినా పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. కాబట్టి పదాన్ని విడగొట్టి అర్థం లాగితే బోల్తా పడటం ఖాయం. పాఠాల్లో, వార్తల్లో తరచూ దొర్లేవి ఇవీ.

అపోహ: ప్లానెటరీ నెబ్యులా అంటే గ్రహాలు పుట్టే మేఘం.

గ్రహాలతో దీనికి ఏ సంబంధమూ లేదు. 1780లలో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ చూసినప్పుడు ఇవి చిన్న గుండ్రటి బిళ్లల్లా, 1781లో ఆయనే కనిపెట్టిన యురేనస్‌లా కనబడ్డాయి. పేరు అలా వచ్చింది. సూర్యుడిలాంటి నక్షత్రం ఆయువు తీరే వేళ పై పొరల్ని వదిలేస్తుంది. నడుమ మిగిలిన వేడి గర్భం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతికి ఆ వాయువు వెలుగుతుంది. కొన్ని పదుల వేల ఏళ్లలో చెదిరిపోతుంది కూడా. ‘గ్రహ నీహారిక’ అన్నది తెలుగులో స్థిరపడిపోయింది, వాడుకోవచ్చు. కానీ మొదటిసారి రాసినప్పుడు ‘ముసలి నక్షత్రం వదిలిన వాయువు’ అని ఒక ముక్క జోడించకపోతే చదివేవారు తప్పుదారి పడతారు.

ఇంతకంటే పెద్ద గుంట ఇంకోటుంది. ప్రోటోప్లానెటరీ డిస్క్ అంటే గ్రహాలు పుట్టే పళ్లెం. ప్రోటోప్లానెటరీ నెబ్యులా అంటే ప్లానెటరీ నెబ్యులాకు ముందు దశ, అంటే నక్షత్రపు చివరి ఘట్టం. చివరి మాట చూడకుండా అనువదిస్తే పురుడు జరిగే చోట చావు కబురు చెప్పినట్టే.

అపోహ: నోవా అంటే అప్పుడే పుట్టిన నక్షత్రం.

లాటిన్‌లో నోవా అంటే కొత్తది. 1572లో కాసియోపియా నక్షత్రమండలంలో, అంతకుముందు ఏమీ కనబడని చోట మెరిసిన చుక్కను డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ ‘కొత్త నక్షత్రం’ అన్నాడు. నిజానికి అది ఒక శ్వేత కుబ్జం (వైట్ డ్వార్ఫ్, అంటే ఆయువు తీరిన నక్షత్రంలో మిగిలిన చిన్న, దట్టమైన గర్భం) పేలిపోవడం. ఇప్పటి లెక్కలో సూపర్‌నోవా. ఈనాడు నోవా అని పిలిచేది వేరు: శ్వేత కుబ్జం తన జంట నక్షత్రం నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది, ఆ పొర ఉపరితలం మీద భగ్గుమంటుంది, నక్షత్రం మాత్రం మిగులుతుంది. అందుకే అదే చుక్క మళ్లీ మెరవగలదు. టీ కరోనే బొరియాలిస్ అనే నోవా 1866లో ఒకసారి, 1946లో ఇంకోసారి మెరిసింది. వార్తలో ‘కొత్త నక్షత్రం పుట్టింది’ అని రాస్తే అర్థం పూర్తిగా తలకిందులవుతుంది.

అపోహ: ఆస్టరాయిడ్ అన్నా గ్రహశకలం అన్నా పదానికి పదం ఒకటే.

సూచించే వస్తువు ఒకటే, మాటల వెనకున్న ఊహలు వేరు. ఆస్టరాయిడ్ అంటే ‘నక్షత్రంలాంటిది’. 1802లో హెర్షెల్ పెట్టాడు, టెలిస్కోపులో బిళ్లలా కాక చుక్కలా కనబడటమే కారణం. తెలుగు మాట దాని అనువాదం కాదు. పగిలిన గ్రహం తాలూకు ముక్కలని అది సూచిస్తుంది. ఆ ఊహ హెర్షెల్ కాలపు జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త ఓల్బర్స్‌ది, ఇప్పుడు దాన్ని ఎవరూ ఒప్పుకోరు. అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న పట్టీలోని రాళ్లన్నీ పోగేసినా చంద్రుడి ద్రవ్యరాశిలో సుమారు 3 శాతమే. గురుడి లాగుడు వల్ల అక్కడ గ్రహం అసలు కూడలేదు. ఇక్కడ తప్పు ఇంగ్లీషు మాటదొక్కటే కాదు, మనదీ ఉంది.

అపోహ: ఉల్క అనే ఒక్క మాట చాలు.

ఇంగ్లీషులో మూడున్నాయి. అంతరిక్షంలో తిరిగే రాయి మీటియరాయిడ్. అది గాలిలోకి దూసుకొచ్చి వెలిగినప్పటి మెరుపు మీటియర్. నేల మీద దొరికే రాయి మీటియరైట్. మీటియర్ మెరుపు మాత్రమే కాబట్టి ‘మీటియర్ పొలంలో దొరికింది’ అనడం కుదరదు. తెలుగులో మెరుపుకు ఉల్క, నేలకు చేరినదానికి ఉల్కాశిల అని విడగొట్టుకుంటే సరిపోతుంది.

అపోహ: జీరో గ్రావిటీ అంటే గురుత్వాకర్షణ లేకపోవడం.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. అక్కడ భూమి లాగుడు నేల మీదున్నదాంట్లో దాదాపు 90 శాతం. కేంద్రమూ, లోపలి మనుషులూ కలిసి నిరంతరం పడిపోతూ ఉంటారు గనక బరువు తెలియదు. సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగంతో పక్కకు పోతుంటారు కాబట్టి భూమిని తాకరు. ‘భారరహిత స్థితి’ సరైన మాట, ‘గురుత్వం లేని చోటు’ తప్పు. మైక్రోగ్రావిటీ కూడా కొంత మోసగత్తె మాటే. భూమి లాగుడు పదిలక్షల వంతుకు తగ్గిందని కాదు, లోపల మిగిలే త్వరణం అతి స్వల్పమని దాని భావం.

లైట్ ఇయర్ కాలం కాదు, దూరం: సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. ‘కాంతి సంవత్సరాల క్రితం’ అన్న మాట కనబడితే కొట్టేయండి. డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్ చీకటి వైపు కాదు, మనకు కనబడని వైపు. అక్కడా సుమారు రెండు వారాల పగలు ఉంటుంది.

అపోహ: మెటల్ అంటే లోహమే.

ఖగోళ శాస్త్రవేత్తలకు హైడ్రోజన్, హీలియం తప్ప మిగతావన్నీ మెటల్సే. ఆక్సిజన్, కార్బన్, నియాన్ సహా. ‘మెటల్ పూర్ స్టార్’ను ‘లోహాలు తక్కువున్న నక్షత్రం’ అంటే ఇనుము, రాగి కొరత అనిపిస్తుంది. ‘హీలియం కంటే బరువైన మూలకాలు తక్కువున్న నక్షత్రం’ అని రాయాలి. నక్షత్రాల పట్టికలో దాని లోహత (మెటాలిసిటీ, ఒక్కో అంకె తగ్గితే పదో వంతుకు తగ్గే కొలత; సూర్యుడిది సున్నా) మైనస్ 2 అని ఉంటే, హైడ్రోజన్‌తో పోల్చిన ఇనుము పాలు సూర్యుడిలో ఉన్నదాంట్లో నూరో వంతు. మైనస్ 3 అయితే వెయ్యో వంతు.