దెబ్బ తగిలిన సెకండ్ హ్యాండ్ లెన్స్: అపోహలు - వాస్తవాలు

సెకండ్ హ్యాండ్ లెన్స్ చేతికి రాగానే చాలామంది టార్చ్ వేసి ముందు గ్లాసు మీద గీతలు వెతుకుతారు. గీత ఉంటే వద్దంటారు, గ్లాసు తళతళలాడుతుంటే డబ్బులిచ్చేస్తారు. లెన్స్‌లు విప్పి బాగుచేసే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, బయటికి కనిపించే గీత కంటే లోపల తగిలిన దెబ్బ చాలా ఎక్కువ నష్టం చేస్తుంది. పెళ్లి ఫొటోగ్రఫీలోకి కొత్తగా దిగి, అప్పు చేసి సామాను కొనుక్కునే కుర్రాళ్లు ఈ తేడా తెలియక నష్టపోతుంటే బాధేస్తుంది.

అపోహ: ముందు గ్లాసు మీద గీత ఉంటే ప్రతి ఫొటోలోనూ కనిపిస్తుంది

కనిపించదు. ముందు గ్లాసు ఫోకస్‌కు ఎంతో దూరంలో ఉంటుంది కాబట్టి దాని మీద గీతకు ఆకారం రాదు. 50 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/1.8 దగ్గర, అంటే వెలుతురు దూరే రంధ్రం (ఎపర్చర్) బాగా తెరిచి వాడితే, ఫొటోలోని ప్రతి చుక్కకూ దాదాపు 28 మిల్లీమీటర్ల వెడల్పు నుంచి వెలుతురు వస్తుంది. అందులో వెంట్రుకంత గీత ఆపేది ఎంత? పోర్ట్రెయిట్లకు, దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్స్‌లకు సన్న గీతల గురించి టెన్షన్ పడక్కర్లేదు.

అయితే రెండు సందర్భాల్లో జాగ్రత్త పడాలి. ఒకటి, ఎదురు వెలుతురు. సూర్యుడో, స్టేజి లైటో నేరుగా లెన్స్‌లోకి కొడితే గీతల అంచుల దగ్గర వెలుతురు చెదిరి ఫొటో తెల్లబారుతుంది, నలుపు నలుపులా ఉండదు. చిన్న పెచ్చు లేచిన చోట మెరుపు లేని నల్ల రంగు కొద్దిగా నింపితే ఈ చెదరడం చాలావరకు ఆగుతుంది. పాత మెకానిక్‌లందరికీ తెలిసిన పద్ధతే ఇది. రెండోది, ఎక్కువ దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్స్. 10 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/11కు మూస్తే వెలుతురు దూరే దారి మిల్లీమీటరు కూడా ఉండదు. అప్పుడు అదే పెచ్చు ఆకాశంలో మసక మచ్చగా తేలుతుంది.

వెనక గ్లాసు సంగతి వేరు. అది సెన్సర్‌కు దగ్గరగా ఉంటుంది, అక్కడికి వచ్చేసరికి వెలుతురు సన్నబడుతుంది. వెనక గ్లాసు మీద లోతైన గీత ఉంటే, ఎఫ్/16 దగ్గర తెల్ల గోడను ఫొటో తీసి చూడకుండా బేరం మొదలుపెట్టవద్దు.

అపోహ: గ్లాసు పగలలేదు, సొట్ట లేదు, కాబట్టి కింద పడలేదు

నన్ను అడిగితే అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.4 యూఎస్ఎం 1993 నుంచి వచ్చిన లెన్స్, ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. దగ్గరి వస్తువుకు ఫోకస్ చేసినప్పుడు దాని లోపలి గొట్టం బయటికి పొడుచుకొస్తుంది. ఆ సమయంలో ముందు నుంచి చిన్న దెబ్బ తగిలినా లోపలి భాగం వంగుతుంది. పైకి కొత్తదానిలా ఉంటుంది, ఆటోఫోకస్ మాత్రం ఒక చోటికి వచ్చి ఇరుక్కుంటుంది. ఫోకస్ రింగును అతి దగ్గర నుంచి దూరం దాకా నెమ్మదిగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టు, గరగరలాడినట్టు అనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

ఇంకో దెబ్బ, లోపలి గ్లాసు ఒకటి మధ్య నుంచి పక్కకు జరగడం. డీసెంటరింగ్ అంటారు. ఫొటోలో ఒక పక్క స్పష్టంగా, రెండో పక్క మసకగా వస్తుంది. పరీక్షించాలంటే ఇటుక గోడకు ఎదురుగా స్టాండు మీద కెమెరా పెట్టి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒక ఫొటో తీయండి. తర్వాత కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. గోడ మీద అదే చోటు రెండుసార్లూ మసకగా ఉంటే కెమెరాను గోడకు వంకరగా పెట్టారన్న మాట. మసక గోడ మీద ఎదురు పక్కకు మారితే తప్పు లెన్స్‌దే. ఆ గ్లాసును సరిచేయడానికి యంత్రాలు, అనుభవం రెండూ కావాలి. చాలా లెన్స్‌లకు రిపేరు ఖర్చు కొన్న ధరను మించిపోతుంది.

దీని పక్కన ఫిల్టర్ రింగు (లెన్స్ ముందు అంచున ఫిల్టర్ బిగించే రింగు) సొట్ట చిన్న విషయం. లెన్స్ వైస్ అనే పనిముట్టుతో సొట్ట తీసేస్తారు. సొట్ట పడిందంటే దెబ్బ తగిలినట్టే కదా, అందుకే పై రెండు పరీక్షలూ చేయండి. నెగ్గితే సొట్ట చూపించి ధర తగ్గించమని అడగండి.

అపోహ: ఊపితే శబ్దం వచ్చిందంటే లోపల విరిగినట్టే

స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్న లెన్స్‌లలో ఒక గ్లాసు గుంపు కదిలేలా అమర్చి ఉంటుంది. కరెంటు లేనప్పుడు అది కొద్దిగా ఆడుతుంది. ఫుజీ ఎక్స్‌ఎఫ్ 90 ఎంఎం అయితే ఆఫ్‌లో ఉన్నప్పుడు గట్టిగానే టకటకమంటుంది, అది దాని మోటార్ల తీరు. కెమెరాకు పెట్టి ఆన్ చేసి చూడండి. అప్పుడూ శబ్దం ఆగకపోతే వదిలేయండి.

అపోహ: ఫంగస్ లెన్స్ పక్కన పెడితే మిగతావాటికీ అంటుకుంటుంది

ఫంగస్ బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మొలవడానికి వాటికి కావలసింది తేమ. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో మూసిన బ్యాగులో నెలల తరబడి ఉంచితే ఏ లెన్స్‌కైనా ముప్పే. తేమ 40-50 శాతం మధ్య ఉండే డ్రై బాక్సులో పెడితే భయం లేదు. పైపైన సాలెగూడులా ఉన్న ఫంగస్‌ను తుడవచ్చు. గ్లాసు పైపూతను (కోటింగ్‌ను) తినేసిన మరక మాత్రం జన్మలో పోదు.

దుమ్ము గురించి ఒక్క మాట. ప్రతి జూమ్‌లోనూ ఉంటుంది, వదిలేయండి.

అపోహ: ఒకసారి విప్పిన లెన్స్ కొనకూడదు

చేయి తిరిగినవాళ్లు విప్పితే ఏమీ కాదు. మౌంట్ (లెన్స్‌ను కెమెరాకు తగిలించే చోటు) దగ్గర స్క్రూల తలలు చూడండి. గాట్లు పడి, అరిగి ఉంటే తెలియనివాళ్లెవరో విప్పారని అర్థం. చాలా లెన్స్‌లలో మౌంట్ కింద కాగితమంత పలుచని లోహపు ముక్కలు ఉంటాయి. ఒకటి తప్పిపోయినా దూరపు వస్తువులకు ఫోకస్ తేడా వస్తుంది. దూరంగా ఉన్న సెల్ టవర్‌కు ఫోకస్ చేసి, జూమ్ అయితే రెండు చివర్లలోనూ ఫొటో తీసి, పెద్దది చేసి చూశాకే డబ్బులివ్వండి.