స్వరం గీతగా మారిన చోట

గ్రాఫు కాగితం మీద కాలాన్ని అడ్డంగా, స్వరస్థాయిని నిలువుగా గుర్తించామనుకుందాం. వయొలిన్ వాద్యకారుడు ఒక స్వరం దగ్గర మొదలుపెట్టి, తీగ మీది నుంచి వేలు ఎత్తకుండా, సమవేగంతో పైస్వరానికి జారితే ఆ జారుడు కాగితం మీద ఒక వాలుగీత అవుతుంది. అనేకమంది వాద్యకారులు వేర్వేరు స్వరాల నుంచి వేర్వేరు వేగాలతో ఒకేసారి జారితే, గీతలన్నీ తిన్ననివే అయినా వాటి సమూహం అంచు వంపు తిరిగి కనిపిస్తుంది. గ్రీకు స్వరకర్త యానిస్ జెనాకిస్ 1953-54లో ‘మెటాస్టాసిస్’ అనే రచనలో 46 తీగవాద్యాలకు విడివిడి భాగాలు రాసింది ఈ ఊహతోనే.

ఆయన చదివింది ఇంజనీరింగు; సంగీతం రాస్తూనే పారిస్‌లో వాస్తుశిల్పి ల కొర్బూజియే కార్యాలయంలో పనిచేసేవాడు. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో తన మండపాన్ని నిర్మించే పనిని ఫిలిప్స్ సంస్థ ల కొర్బూజియేకు అప్పగించినప్పుడు, రూపకల్పన చాలావరకు జెనాకిస్ చేతికి వచ్చింది. ఆయన తన స్వరపత్రంలోని గీతలనే గోడలుగా నిలబెట్టాడు. తిన్నని గీతను వాలు కొద్దికొద్దిగా మారుస్తూ పక్కకు జరుపుకుంటూ పోతే గుర్రపు జీనులాంటి వంపు తలం ఏర్పడుతుంది. గణితంలో దాన్ని హైపర్‌బోలిక్ పారాబొలాయిడ్ అంటారు. చూపుకు అంతా వంపే అయినా దాని నిండా ఉన్నవి తిన్నని గీతలే కనుక, సుమారు 5 సెంటీమీటర్ల మందం మాత్రమే ఉన్న కాంక్రీటు పలకలను బిగించిన ఉక్కు తీగలతో పట్టి నిలపడం సాధ్యమైంది. లోపల వందలాది స్పీకర్ల గుండా ఎడ్గార్ వరేజ్ కూర్చిన ఎనిమిది నిమిషాల ఎలక్ట్రానిక్ సంగీతం గోడల వెంబడి తిరుగుతుండగా, ల కొర్బూజియే ఎంచిన చిత్రాలు ఆ గోడల మీదే పడేవి. ఆ ఇద్దరూ ముందుగా ఒప్పుకున్నది ప్రదర్శన నిడివి మాత్రమే. ఫలానా శబ్దానికి ఫలానా చిత్రం అని జోడించుకోలేదు. ఈ సహకారంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ స్వేచ్ఛే. మరుసటి ఏడాదే మండపాన్ని కూల్చివేశారు.

అక్కడ సంగీతం నుంచి వాస్తుకు చేరింది నిర్మాణసూత్రం. రంగు విషయంలో అటువంటి సూత్రం ఉందా అన్నది మరింత చిక్కు ప్రశ్న. 1911 జనవరిలో మ్యూనిక్ నగరంలో స్వరకర్త షోన్‌బర్గ్ సంగీతం విన్న చిత్రకారుడు కాండిన్‌స్కీ, పియానో నల్లని ఆకారం చుట్టూ పసుపు పొంగిపొర్లే చిత్రం గీసి, కొద్దిరోజుల్లోనే ఆ స్వరకర్తకు ఉత్తరం రాశాడు. అదే ఏడాది డిసెంబరులో కాండిన్‌స్కీ మిత్రబృందం ఏర్పాటు చేసిన ప్రదర్శనలో షోన్‌బర్గ్ గీసిన చిత్రాలు కూడా వేలాడాయి. అయితే ఆ పసుపు అందరికీ వినిపించే పసుపు కాదు. స్వరాలను రంగులతో జోడించుకున్న రష్యన్ స్వరకర్తల్లో స్క్రియాబిన్ పాశ్చాత్య సంగీతంలోని ‘సి’ అనే స్వరస్థాయిని ఎరుపుగా చెబితే, రిమ్‌స్కీ-కోర్సకోవ్ తెలుపన్నాడు.

వ్యక్తులను దాటి చూస్తే మాత్రం కొంత ఏకాభిప్రాయం కనిపిస్తుంది. హెచ్చుస్థాయి ధ్వనిని చాలామంది లేత రంగుతో, చిన్న ఆకారంతో జోడిస్తారు. 2013లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టీఫెన్ పామర్, సహచరులు అమెరికాలోనూ మెక్సికోలోనూ శ్రోతలకు బాఖ్, మోజార్ట్, బ్రామ్స్ రచనలను వినిపించి, తగిన రంగులు ఎంచమన్నారు. వేగంగా సాగే మేజర్ (సాధారణంగా ఉల్లాసంగా వినిపించే స్వరక్రమం) సంగీతానికి గాఢమైన, కాంతివంతమైన, పసుపు వైపు మొగ్గే రంగులను, నెమ్మదిగా సాగే మైనర్ (సాధారణంగా విషాదంగా వినిపించే స్వరక్రమం) సంగీతానికి వెలసిన, చీకటి కలిసిన, నీలం వైపు మొగ్గే రంగులను రెండు దేశాలవారూ ఎంచారు. సంగీతానికీ ఎంచిన రంగులకూ విడివిడిగా భావాలను అంచనా వేయించినప్పుడు అవి చాలా దగ్గరగా సరిపోలాయి. చెవికీ కంటికీ మధ్య వంతెనగా నిలిచింది భావమేనని వారి వివరణ.

ఈ వివరణ నాకు నమ్మదగినదిగా కనిపిస్తుంది కానీ, కళాకారులు ఆ వంతెన మీదనే ఆగిపోరు. హ్యూస్టన్ నగరంలోని అష్టకోణ ప్రార్థనామందిరానికి చిత్రకారుడు మార్క్ రోత్కో నలుపు, ముదురు ఊదా రంగుల్లో 14 చిత్రాలు వేశాడు. 1970లో ఆయన మరణించాక మిత్రుడు, స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ ఆ మందిరం కోసం వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద తీగవాద్యం), సెలెస్టా (చిరుగంటల్లా మోగే మీటల వాద్యం), తాళవాద్యాలు, బృందగానంతో ఒక రచన చేశాడు. అందులో చాలాసేపు శబ్దం ఆ చిత్రాలలాగే అంచులు తెలియకుండా కదలక నిలుస్తుంది. చివర్లో మాత్రం, ఫెల్డ్‌మన్ తన కౌమారంలో కట్టుకున్న ఒక సరళమైన పాటను వయోలా ఎత్తుకుంటుంది. ఆ పాటకు సాటివచ్చే గీత గానీ రంగు గానీ ఆ 14 చిత్రాల్లో ఎక్కడా లేదు.